నల్గొండ నీళ్లు, హైదరాబాద్ ఆపరేషన్ థియేటర్లు

తెలంగాణలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ 2016లో మొదలైంది. ఆ నల్లా నీళ్లు తాగుతున్న ఊళ్ల నుంచి కూడా వెన్నుపాము నొక్కుకుపోయి, కాళ్లు బిగుసుకుపోయిన పెద్ద వయసువాళ్లు హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తుంటారు. ఇది ఫ్లోరోసిస్, నీటిలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని వచ్చే జబ్బు. నీళ్లు మారాక జబ్బు ఎందుకు పోలేదని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో పెద్దవాళ్లలో దాదాపు సగం ఎముకల్లోనే ఉండిపోతుంది, ఎదిగే పిల్లల్లో అంతకన్నా ఎక్కువ. అది బయటికి రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఇవాళ స్కాన్‌లో కనిపించేది ఒకప్పుడు ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడ్ నీటి ఫలితం.

తెలుగు నేల మీద ఈ జబ్బును వైద్యపరంగా మొదట రాసిపెట్టింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో పనిచేసిన షార్ట్ బృందం. అదే ఏడాది డెన్మార్క్‌లో కాయ్ రోహోల్మ్ అనే వైద్యుడు క్రయోలైట్ (ఫ్లోరైడ్ ఉన్న ఖనిజం) కార్మికుల ఎక్స్‌రేలు చూసి ఫ్లోరోసిస్‌ను మూడు దశలుగా విడదీశాడు. మొదట వెన్నుపూసల్లో, కటి ఎముకల్లో లోపలి అల్లిక మసకబారుతుంది. తర్వాత ఎముకంతా ఒకే తెలుపుగా మారుతుంది. చివరికి ఎముకలను కలిపి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లు కూడా ఎముకలైపోతాయి. అనుమానం వస్తే ముంజేతి ఎక్స్‌రే ఒక్కటి తీసినా చాలావరకు తేలిపోతుంది: రెండు ఎముకల మధ్య పొర వెంట ముళ్లలా ఎముక మొలిచి కనిపిస్తుంది.

నల్గొండ సంగతి ప్రపంచానికి తెలిసింది 1955 డిసెంబరులో. ఎ.హెచ్.సిద్దిఖీ రాసిన నల్గొండ ఫ్లోరోసిస్ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అదే నెలలో నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు రావడానికీ, వచ్చిన నీళ్లు తాగడానికీ మధ్య ఎంత దూరముందో ఆ జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి ముఖ్యమైన మలుపు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ వైద్య పత్రికలో ఈ జబ్బుకు ఒక కొత్త రూపాన్ని వివరించారు. వెన్ను గట్టిపడటంతోపాటు, పిల్లల్లో, కుర్రవాళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒరుసుకోవడం, కాళ్ల ఎముకలు పలచబడటం. జొన్నలు ప్రధాన ఆహారంగా తినేవాళ్లలో ఇది కనబడింది. సాగర్ జలాశయం చుట్టుపక్కల భూగర్భజలం పైకొచ్చి, నేలలో క్షారం పెరిగి, జొన్నలోకి మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా చేరి ఉండొచ్చన్నది అప్పట్లో వాళ్లు చూపిన కారణం. ఎముకల డాక్టర్ల దగ్గరికి వచ్చిన కాళ్ల వంకరకు మూలం పళ్లెంలో కూడా వెతకాలని చూపిన పని ఇది. నా దృష్టిలో దీనికి రావలసినంత పేరు రాలేదు.

నీటి వైపు నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, నీటిలోంచి ఫ్లోరైడ్ తీసేసే ‘నల్గొండ టెక్నిక్’ తెచ్చింది. నీటిలో ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్, తర్వాత పటిక కలపాలి. సున్నం పటికలో ఇరవయ్యో వంతుకు అటూఇటూ. ఒక నిమిషం వేగంగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు తీసుకోవాలి. చెప్పడానికి సులువే. కానీ పటిక మోతాదు ఫ్లోరైడ్‌తోపాటు నీటి క్షారాన్ని బట్టి కూడా మారుతుంది. బోరు బోరుకూ పరీక్ష చేయకుండా గుప్పెళ్లతో వేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, లేదంటే అల్యూమినియం ఎక్కువవుతుంది. మడ్డిని పారబోసే చోటు మరో తలనొప్పి.

ఇక ఆపరేషన్. పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రిగా పుట్టిన సంస్థే తర్వాత నిమ్స్ అయింది. దానికి డైరెక్టర్‌గా చేసిన న్యూరోసర్జన్ డి.రాజారెడ్డి ఈ జబ్బులో నరాల దెబ్బ గురించి విస్తారంగా రాశారు. ఆయన లెక్కలో అస్థి ఫ్లోరోసిస్ రోగుల్లో సుమారు పది శాతం మందికి నరాల సమస్య వస్తుంది. వెన్నుపాముకు ముందున్న లిగమెంట్, వెనకున్న పసుపు లిగమెంట్ రెండూ ఎముకలై వెన్నుపాము ఉండే కాలువను ఇరుకు చేస్తాయి.

మెడ కదలదు కాబట్టి గొంతులోకి ట్యూబు వేయడమే మొదటి గండం. పక్కటెముకలు బిగుసుకుని ఛాతీ విచ్చుకోదు, శ్వాస అంతా పొట్టతోనే. గూనివల్ల బోర్లా పడుకోబెట్టడమూ కష్టమే. మామూలు లామినెక్టమీలోలాగా (వెన్నుపూస వెనకభాగమైన లామినాను తీసేసే ఆపరేషన్) ఎముకను కొరికే కెరిసన్ పరికరం మూతిని ఎముక కింద దూర్చి కొరికితే, ఆ కాస్త మందమే వెన్నుపామును నలిపేస్తుంది. అందుకే హైస్పీడ్ డ్రిల్‌తో, నీళ్లు పోస్తూ, లామినాను గుడ్డు పెంకంత పలచగా అరగదీసి, అంచుల్లో విడదీసి, పైకి లేపుతారు. కొందరిలో వెన్నుపాము మీది డ్యూరా పొర కూడా ఎముకకు అతుక్కుని ఉంటుంది. లాగితే చిరిగి ద్రవం కారుతుంది. అలాంటిచోట ఆ ముక్కను అక్కడే వదిలేయడం చేతకానితనం కాదు. ఎంఆర్‌ఐ లేని కాలంలో మైలోగ్రామ్ (వెన్నుకాలువలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) కోసం నడుములో సూది గుచ్చడమే గగనమయ్యేది, పూసల మధ్య సందంతా ఎముకే.

ఇప్పటికీ జరిగే పొరపాటు ఒకటుంది. కాళ్లలో బలం తగ్గిందనగానే నడుముకు మాత్రమే ఎంఆర్‌ఐ రాస్తారు, అందులో ఏదో ఒక డిస్కు ఉబ్బు ఎలాగూ కనిపిస్తుంది. అసలు ఒత్తిడి మెడలోనో వీపు భాగంలోనో ఉంటుంది. కాళ్లు బిగుసుకుని, మోకాలి దగ్గర తడితే ఎగిరిపడుతుంటే నడుము డిస్కును తప్పు పట్టకూడదు. ఫ్లోరైడ్ ఊరి రోగికి మెడ నుంచి తుంటి దాకా స్క్రీనింగ్ కావాలి. ఒత్తిడి ఉన్న చోట సీటీ కూడా తీయాలి, లిగమెంట్ ఎంత మేర ఎముకైందో ఎంఆర్‌ఐ కన్నా సీటీలోనే బాగా తెలుస్తుంది.