ఈ-పుస్తకాల తాళాలు, తెలుగు పాఠకుల తిప్పలు

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాన్ని చదివాక ఎవరికైనా ఇవ్వవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు. అంతకంటే ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఈ-పుస్తకం మాత్రం, దానికి కాపీలు చేయనివ్వని డిజిటల్ తాళం (డీఆర్‌ఎం) ఉంటే, అమ్మిన దుకాణం ఒప్పుకున్న పరికరంలో, ఒప్పుకున్న ఖాతాతోనే తెరుచుకుంటుంది.

ఈ చిక్కుకు 2007లోనే బీజం పడింది. ఆ సెప్టెంబరులో అంతర్జాతీయ డిజిటల్ ప్రచురణ వేదిక ఈపబ్ అనే ఈ-పుస్తక ఫార్మాట్‌ను ఉమ్మడి ప్రమాణంగా ఆమోదించింది. నవంబరులో అమెరికాలో ఈ-పుస్తకాలు చదివే పరికరం కిండిల్‌ను విడుదల చేసిన అమెజాన్ మాత్రం ఈపబ్‌ను పక్కనపెట్టి, 2005లో తాను కొన్న ఫ్రెంచి సంస్థ మొబీపాకెట్ సాంకేతికత ఆధారంగా సొంత ఫార్మాట్‌ను తెచ్చుకుంది. ఈపబ్ వైపు వెళ్లిన దుకాణాలు చాలావరకు అడోబీ సంస్థ తాళం వాడగా, ఆపిల్ 2010లో తన ఈ-పుస్తకాల సేవ ఐబుక్స్‌కు ఫెయిర్‌ప్లే అనే సొంత తాళాన్ని తగిలించింది. దాంతో ఫార్మాట్ ఒకటే అయినా ఒకచోట కొన్నది మరోచోట తెరుచుకోని స్థితి వచ్చింది.

తాళంచెవి ఎవరి చేతిలో ఉందో 2009 జూలైలో తేలిపోయింది. హక్కులు లేని సంస్థ అమ్మకానికి పెట్టిందంటూ జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని అమెజాన్ కొనుగోలుదారుల కిండిల్‌ల నుంచే తొలగించింది. డబ్బు వాపసిచ్చి, తర్వాత క్షమాపణ చెప్పినా, ఇంట్లో ఉన్న పుస్తకాన్ని దూరం నుంచి తీసేయవచ్చన్న సంగతి అందరికీ అర్థమైంది.

హైదరాబాద్ కేంద్రంగా 2010లో మొదలైన ఆన్‌లైన్ దుకాణం కినిగె, తెలుగు ఈ-పుస్తకాలకు అడోబీ తాళాన్నే వాడింది. అలాంటి పుస్తకం కొన్నప్పుడు మొదట చేతికొచ్చేది ఏసీఎస్ఎం అనే చిన్న ఫైలు మాత్రమే. దాన్ని అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఖాతాతో ధ్రువీకరించుకున్నాకే అసలు పుస్తకం దిగుతుంది. కిండిల్‌కు ఆ తాళం అసలు తెలియదు. ఇక 2016 చివర కిండిల్ దుకాణం భారతీయ భాషలకు తలుపు తెరిచినప్పుడు తొలి అయిదింటిలో తెలుగు లేదు.

తాళాల కంటే పాతదైన మరో అడ్డంకి మన డీటీపీ కేంద్రాల్లో ఉంది. ఏళ్ల తరబడి తెలుగు పుస్తకాలను పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో కూర్చారు. ఆ ఫాంట్లు, ప్రతి భాష అక్షరాలకూ విడి సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలోని తెలుగువి కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చినవి. అందులోని పాఠ్యాన్ని నేరుగా ఈపబ్‌లోకి తెస్తే అర్థంలేని గుర్తులు మిగులుతాయి కనుక, పేజీని ఉన్నదున్నట్టు పీడీఎఫ్‌గా అమ్మడం అలవాటైంది. ఆరంగుళాల తెరపై ఆ అక్షరాలు కళ్లకు ఆనవు, పెద్దవి చేస్తే వాక్యం అంచు దాటిపోతుంది. తాళం తీసినా తీరని కష్టమిది. దీనికి పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ ప్రూఫులు దిద్దడమొక్కటే దారి.

మన దేశపు కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయంటుంది. చట్టం నిషేధించని పని కోసం తాళం తీస్తే మాత్రం అడ్డుచెప్పదు. ఈ మినహాయింపు న్యాయమైనదే కానీ, తాళం తీసే సాధనాన్ని అది పాఠకుడికి సమకూర్చదు. అదే ఏడాది టోర్ ప్రచురణ సంస్థ తన ఈ-పుస్తకాలకు తాళాలు తీసేసింది. ఏడాది తర్వాత, పైరసీ పెరిగిన జాడ కనిపించలేదని ఆ సంస్థ బ్రిటన్ విభాగం ప్రకటించింది. అమెజాన్ ఇందుకు ఎదురుదిశలో నడిచి, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని యూఎస్‌బీ తీగతో కిండిల్‌లోకి పంపుకునే వెసులుబాటును 2025 ఫిబ్రవరి 26న ఎత్తేసింది.