పుల్ల ఐసులో రంగు, కత్తి మీద అలలు

మ్యూజియంలో పాత ఆయుధాలు చూసొచ్చిన ఒక అమ్మాయి అడిగింది: "కొన్ని కత్తుల మీద నీళ్లు కదిలినట్టు గీతలుంటాయి, అవి ఎవరు చెక్కారు సార్?"

ఎవరూ చెక్కలేదమ్మా. నున్నగా సానపడితే ఆ గీతలు పోతాయి, పలచటి ఆమ్లం రాస్తే మళ్లీ పైకొస్తాయి. అంటే కత్తి లోపలంతా అవే.

ఇలాంటి కత్తులకి డమాస్కస్ కత్తులని పేరు పడి, ఆ ఊరున్న సిరియా పేరు కొట్టేసింది గానీ, వాటిలో చాలావాటికి ఉక్కు దక్షిణ భారతం నుంచే వెళ్లింది. ఇంగ్లీషువాళ్లు ఊట్జ్ అన్నది మన ఉక్కునే. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. మన దేశాన్ని కొలిచిన ఇంగ్లీషువాళ్ల సర్వేలో పనిచేసిన వాయ్సీ అనే వైద్యుడు ఆ పని కళ్లారా చూసి రాసింది 1832లో అచ్చయింది.

ఇక గీతల సంగతి. చిన్నప్పుడు గులాబీ రంగు పుల్ల ఐసు గట్టిగా పీల్చారా? రంగూ తీపీ నోట్లోకి వచ్చేస్తాయి, తెల్లటి మంచు పుల్లకి మిగులుతుంది. గడ్డకట్టేటప్పుడు నీళ్లు ముందు స్వచ్ఛంగా గట్టిపడి, రంగునీ చక్కెరనీ సందుల్లోకి తోసేస్తాయి కాబట్టి. మూసలో ఉక్కు మెల్లగా చల్లారేటప్పుడూ ఇదే జరుగుతుంది. ఇనుము కొమ్మలు కొమ్మలుగా ముందు గట్టిపడుతుంది. వెనేడియం అనే లోహంలాంటి మలినాలు కొమ్మల సందుల్లో చిక్కుకుంటాయి. ఎంత వెనేడియం? వంద గ్రాముల ఉక్కులో నాలుగైదు మిల్లీగ్రాములున్నా చాలు!

కమ్మరి ఆ దిమ్మని సాగగొడితే సందులూ సాగి పొరలవుతాయి. ఈ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. అంత కార్బన్ ఇనుములో ఇమడదు. మిగిలింది సిమెంటైట్ అనే గట్టి, పెళుసు రేణువులవుతుంది (మూడు ఇనుము పరమాణువులకి ఒక కార్బన్). కాల్చిన ప్రతిసారీ చిన్న రేణువులు కరిగిపోతాయి, పెద్దవి నిలుస్తాయి. చల్లారేటప్పుడు కరిగిన కార్బన్ ఆ నిలిచినవాటి మీదే చేరుతుంది. ఉన్నోడికే ఇంకా పెట్టినట్టు! వెనేడియం ఉన్న పొరల్లో రేణువులు బాగా నిలుస్తాయి. పదులసార్లు కాల్చి కొడితే వరసలు తేలతాయి. ఆమ్లం తగిలితే చుట్టూ ఉన్న ఇనుము నల్లబడి, సిమెంటైట్ వరసలు తెల్లగా మెరుస్తాయి.

కొలిమిలో వేడి సుమారు వెయ్యి డిగ్రీలు దాటితే సిమెంటైట్ అంతా కరిగిపోతుంది, వరసలు పోతాయి. మన కమ్మరులకి థర్మామీటర్ లేదు, ఎరుపు ఏ ఛాయలో ఉందో కంటితోనే పట్టేవారు. తెల్లగా కాల్చి కొట్టడం అలవాటైన యూరప్ కమ్మరుల చేతిలో ఈ ఉక్కు చిట్లిపోయేది.

ఎర్రగా కాలిన కత్తిని బానిస ఒంట్లో గుచ్చి చల్లార్చేవారని ఒక కట్టుకథ ఉంది. క్లాసులో చెప్పగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు, సిమెంటైట్ అంటే ఆవలిస్తారు. ఏం చేస్తాం!

అమెరికాలో లోహశాస్త్రవేత్త వెర్హోవెన్, కమ్మరి పెండ్రే కలిసి ఇలాంటి కత్తుల్ని మళ్లీ తయారుచేశారు, 1998లో పద్ధతి వివరించారు. పాతవాళ్ల విద్య ఎలా అంతరించిందన్న దానికి వాళ్లిచ్చిన కారణం నాకు భలే నచ్చింది. వెనేడియం ఉన్న ఖనిజం అయిపోయి ఉంటుందట. కమ్మరి ఎప్పటిలాగే కాల్చాడు, ఎప్పటిలాగే కొట్టాడు. అలలు మాత్రం రాలేదు.