మినుకుమినుకుమనే టార్చిలైటు: అపోహలు - వాస్తవాలు

రిపేరుకి వచ్చే ఎల్‌ఈడీ టార్చిలైట్లలో పూర్తిగా ఆరిపోయినవాటి కన్నా మినుకుమినుకుమనేవే ఎక్కువ. తెచ్చినవాళ్లు రోగమేంటో కూడా వాళ్లే చెప్పేస్తారు. తరచూ వినేవి ఇవి.

అపోహ: ఎల్‌ఈడీ పోయింది, మార్చాలి.

వాస్తవం: అనుమానించాల్సిన వాటిలో ఎల్‌ఈడీ ఆఖరిది. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు నిలకడగా అందితే చాలు, వెలుగుతూనే ఉంటుంది. మినుకుతోందంటే కరెంటు వచ్చే దారిలో ఎక్కడో తెగి అతుక్కుంటోంది. సెల్లు కొన, స్ప్రింగు, స్విచ్చి, మూత మరలు, తల భాగంలోని సర్క్యూటు, ఇదే ఆ దారి. లోహపు టార్చిల్లో చాలావాటికి గొట్టమే నెగటివ్ వైరుగా పనిచేస్తుంది. అందుకే వెనక మూత కాస్త వదులైనా వెలుగు వణుకుతుంది.

స్విచ్చి వెనక మూతలో ఉండే రకమైతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూత విప్పి, సెల్లు లోపలే ఉంచి, చిన్న వైరు ముక్కతో సెల్లు అడుగునీ గొట్టం అంచున రంగు లేకుండా మెరిసే చోటునీ కలపండి. లైటు నిలకడగా వెలిగిందా, తప్పు మూతలోనే: స్ప్రింగో, స్విచ్చో. అప్పుడూ మినుకుతుంటే సెల్లునీ తల భాగాన్నీ చూడాలి. ఆ వైరుతో సెల్లు రెండు కొనల్నీ మాత్రం ఎప్పుడూ కలపకండి. లిథియం సెల్లయితే క్షణాల్లో కాలుతుంది.

అపోహ: రెండు దెబ్బలేస్తే అదే బాగవుతుంది.

వాస్తవం: బాగవదు. దెబ్బకి వెలిగిందంటే లూజ్ కాంటాక్టని ఖాయమైంది, అంతే.

అపోహ: మీటరు 1.5 వోల్టులు చూపిస్తోంది, సెల్స్ బాగానే ఉన్నాయి.

వాస్తవం: టార్చిలోంచి తీసి విడిగా కొలిస్తే బక్క సెల్లూ దాదాపు ఆ అంకే చూపించవచ్చు. లోడు పడగానే, అంటే లైటు కరెంటు లాగడం మొదలుపెట్టగానే, వోల్టేజీ కూలిపోతుంది. లైటు వెలుగుతుండగా కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మూడు సన్న సెల్స్ పట్టే ప్లాస్టిక్ చట్రం ఉన్న టార్చిలు మరీ పేచీ: పాతా కొత్తా కలిపి వేసినా, ఒక్క రేకు వంగినా మూడూ దండగే.

అపోహ: గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే కాంటాక్టు బాగుపడుతుంది.

వాస్తవం: ఆ రోజుకి బాగుపడుతుంది. స్ప్రింగు మీది నికెల్ పూత లేచిపోయాక తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లపొడి కట్టి ఉంటే గ్లవ్స్ వేసుకుని, దూదికి కాస్త వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది తుడవండి. ఆ కారింది క్షారం, పులుపు దాన్ని విరిచేస్తుంది. తర్వాత తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. మరల మధ్య పేరుకున్న మట్టినీ వదలకండి. రాత్రిపూట మోటారు దగ్గరికి పట్టుకెళ్లే టార్చిల్లో సగం జబ్బు అక్కడే ఉంటుంది.

అపోహ: ఫోన్ కెమెరాలో గీతలు పడుతున్నాయి, అంటే లైటు పాడైంది.

వాస్తవం: వెలుగు తగ్గించడానికి చాలా టార్చిలు ఎల్‌ఈడీని సెకనుకి వందలు, వేలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. కంటికి ఆనదు, కెమెరాకి దొరుకుతుంది. కంటికి కనిపించేలా, లెక్కగా ఒకే తీరున మినుకుతుంటే అది స్ట్రోబ్ మోడ్ (కావాలనే మినుకుమనేలా పెట్టిన సెట్టింగు) అయినా కావచ్చు, ఛార్జింగ్ అయిపోతోందన్న హెచ్చరికైనా కావచ్చు. లూజ్ కాంటాక్టుకి ఇంత క్రమశిక్షణ ఉండదు!

అపోహ: ఇంకా పవర్‌ఫుల్ సెల్లు వేస్తే మినుకు పోతుంది.

వాస్తవం: 14500 రకం లిథియం సెల్లు మామూలు పెన్సిల్ సెల్లు సైజులోనే ఉంటుంది. కానీ దాని వోల్టేజీ 3.7, నిండా ఛార్జయితే 4.2. 1.5 వోల్టుల సెల్లు కోసం చేసిన టార్చిలో దాన్ని పెడితే సర్క్యూటు కాలిపోవచ్చు. ఇక 18650 అనే లావు రకం లిథియం సెల్లు మీద 9900 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే ఛార్జి లెక్క) అని రాసి ఉంటే నమ్మకండి. మంచి కంపెనీల సెల్స్ కూడా సాధారణంగా 3500 దగ్గర్లోనే ఆగుతాయి.