కువైట్‌లో అమ్మలున్న పిల్లలకు

బంగారు పిల్లలూ,

మీలో చాలామందిని అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో వదిలి మీ అమ్మలు కువైట్ వెళ్లారు. నేనూ అక్కడ ఇంటిపని చేసి ఉదయగిరి తిరిగొచ్చినదాన్నే. రోజూ వీడియో కాల్‌లో మాట్లాడతారు కదా, అమ్మ బతాకా ఎప్పటిదాకా చెల్లుతుందో ఎప్పుడైనా అడిగారా?

బతాకా అంటే అక్కడి సివిల్ ఐడీ కార్డు. మన ఆధార్‌లాగే 12 అంకెలుంటాయి. ఆసుపత్రికి వెళ్లినా, సిమ్ తీసుకున్నా అదే అడుగుతారు. అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఉన్నంతకాలమే బతాకా చెల్లుతుంది, ఆ అకామా కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, చేతిలో ఉంటుంది. జీతం ఇవ్వలేదనో, కొట్టారనో అమ్మ ఆ ఇల్లు వదిలి బయటికొస్తే, పారిపోయిందని కఫీలు కేసు పెట్టొచ్చు. అకామా రద్దయితే పోలీసులు ఆపినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఇక పాస్‌పోర్టు. నేను చేసిన ఇంట్లో దిగిన రోజే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు ఉంచుకోకూడదని కువైట్ 2015లో చట్టం చేసింది. మన 1967 చట్టం ప్రకారమైతే అది భారత ప్రభుత్వ ఆస్తి. అయినా తాళంచెవి మేడమ్ దగ్గరే ఉంటుంది. అందుకే నకలు మీ దగ్గరుండాలి. ఫొటో ఉన్న పేజీలో నంబరు, చివరి పేజీలో అమ్మానాన్నల పేర్లు, మన ఊరి చిరునామా ఉంటాయి. ఆ రెండూ జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టండి, ఫోనులోనూ దాచండి. పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లకు ఇండియాకు రావడానికి మన ఎంబసీ అవుట్‌పాస్, అంటే ఇంటికి రావడానికి మాత్రమే పనికొచ్చే ప్రయాణ పత్రం, ఇస్తుంది. ఇచ్చేముందు మనిషి మన దేశస్థురాలేనా అని తేల్చుకోవాలి. ఆ నకలుంటే పని త్వరగా తెములుతుంది, లేకపోతే మన ఊరిదాకా విచారణ నడవాలి.

ఇంకో మాట. పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరమైనది) కింద ఉంటుంది. దానితో కువైట్, దుబాయ్ ఉన్న యూఏఈ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఇంటిపనికి ఆ అనుమతే ఇవ్వరు. అందుకే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద ముందు దుబాయ్‌లో దించి, అక్కడినుంచి వేరే దేశం దాటిస్తారు. ఒప్పుకోకండి. అలా వెళ్లిన మనిషి పనికి వెళ్లినట్టు మన ప్రభుత్వ లెక్కల్లోనే ఉండదు, అనుమతితో వెళ్లేవాళ్లకుండే పది లక్షల బీమా కూడా దక్కదు. మీ అక్కకో పిన్నికో ఎవరైనా ఇలాంటి ఆశ చూపితే ఇంట్లో గట్టిగా చెప్పండి. చిన్నవాళ్లం కదా అని ఊరుకోవద్దు.

ఈ శుక్రవారం అమ్మకు సెలవు దొరికితే బతాకా రెండువైపులా ఫొటో పంపమనండి. ఎలా దాచాలో తెలియనివాళ్లు సాయంత్రం మా ఇంటికి రండి, కలిసి చేద్దాం.

మీ పెద్దమ్మ