బడి పిల్లల మానసిక ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

అపోహ: అల్లరి చేయని పిల్లలకు సమస్య ఉండదు.

పాఠశాల కౌన్సెలర్‌గా నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే మాట ఇదే. తరగతిలో కొట్లాడే పిల్లవాడు ఎలాగూ అందరి కంటా పడతాడు. ఆందోళన, దిగులు మాత్రం చాలాసార్లు మౌనంగానో, బడికి బయలుదేరే వేళకు మొదలయ్యే కడుపునొప్పిగానో బయటపడతాయి. విరామం గంట కొట్టగానే అందరూ మైదానంలోకి పరుగెత్తుతుంటే, అప్పటికే మొన తేలిన పెన్సిల్‌ను మళ్లీ మళ్లీ చెక్కుతూ బల్ల దగ్గరే ఉండిపోయే ఒక బాలికను చూశాను. ఆమెకు మార్కులు బాగానే వచ్చేవి. ఆటకు పిలిచేవారే లేరు.

అపోహ: ప్రశ్నావళి నింపితే జబ్బేమిటో తేలిపోతుంది.

బ్రిటన్‌కు చెందిన పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన ‘బలాలు, ఇబ్బందుల ప్రశ్నావళి’లో 25 అంశాలుంటాయి. భావోద్వేగాలు, ప్రవర్తన, అతిచురుకుదనం, తోటివారితో సంబంధాలు అనే నాలుగు విభాగాలను కలిపి ఇబ్బందులను 40కి లెక్కిస్తారు. ఇతరులకు సాయపడే గుణాన్ని చూపే అయిదో విభాగాన్ని అందులో కలపరు. ఎక్కువ స్కోరు వస్తే ఆ పిల్లవాడిని మరింత శ్రద్ధగా పరిశీలించాలని అర్థం, అంతే. అది రోగ నిర్ధారణ కాదు. ఆ ఇబ్బంది ఎన్నాళ్లుగా ఉంది, చదువుకూ స్నేహాలకూ ఇంటి జీవితానికీ ఎంతగా అడ్డుపడుతోంది అన్నవి తప్పక అడగాలి.

ఈ ప్రశ్నావళికి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఇచ్చే జవాబులు పొసగకపోతే ఎవరో అబద్ధం చెబుతున్నారనుకోవడం కూడా పొరపాటే. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లవాడు బడిలో నోరు విప్పకపోతే, అతనికి ఇబ్బంది ఎక్కడ ఎదురవుతోందో వెతకడానికి ఆ తేడాయే ఆధారమవుతుంది. పిల్లవాడినీ అడగాలి, పైన చెప్పిన ప్రశ్నావళిలో 11 ఏళ్లు నిండినవారు స్వయంగా నింపే పత్రం కూడా ఉంది.

అపోహ: చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే ఆ ఆలోచన మనమే కలిగించినట్లవుతుంది.

అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్న పిల్లలకు ఆ ప్రశ్న ఊరటనివ్వవచ్చు కూడా. ప్రశాంతంగా, సూటిగా అడగండి. అయితే ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి. అవునని జవాబు వస్తే పిల్లలను ఒంటరిగా వదలకుండా, వెంటనే ఇంటివారికీ మానసిక వైద్య నిపుణులకూ తెలియజేయాలి.

అపోహ: గుంపులోకి తోస్తే అదే అలవాటవుతుంది.

భయపడే పిల్లలను సిద్ధం చేయకుండా ఒక్కసారిగా నెట్టితే మరింత ముడుచుకుపోవచ్చు. విరామంలో పెన్సిల్ చెక్కుతూ ఉండిపోయిన ఆ బాలికకు, పక్క బల్ల మీద కూర్చునే అమ్మాయితో కలిసి విరామ సమయంలో గ్రంథాలయ పుస్తకాలు సర్దే పని అప్పగించాం. వారిద్దరి మధ్య మాటలు కలవడానికి మూడు వారాలు పట్టింది.