అమ్మ బీపీ మాత్ర సంగతి

కర్నూలు

పిల్లలూ,

మొన్న ఫోన్లో "అవ్వా, అమ్మ నర్సే కదా, తన బీపీ సంగతి తనకు తెలీదా?" అని అడిగారు. తెలుసు. వార్డులో అందరికీ బీపీ చూసి రాసేది మీ అమ్మే, మాత్ర మానొద్దని పేషెంట్లకు పూటపూటా చెప్పేదీ తనే. అయినా ఆసుపత్రుల్లో పనిచేసే సిస్టర్లు, ఎఫ్‌ఎన్‌ఓలు (వార్డులో నర్సులకు సాయం చేసే ఆడవాళ్ళు), ల్యాబ్ వాళ్ళు, ఆఖరికి డాక్టర్లలో కూడా చాలామంది తమ మాత్ర దగ్గరికి వచ్చేసరికి అశ్రద్ధ చేస్తారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ దీన్ని చూస్తూనే ఉన్నాను, నాకు కనబడిన పెద్ద కారణం ఒకటే: వాళ్ళ పేరు మీద ఓపీ చీటీ ఉండదు.

ఏ ఆలూరు నుంచో, పత్తికొండ నుంచో వచ్చిన రైతు చీటీ రాయించుకుని డాక్టరు ముందు కూర్చుంటాడు, నెలకు సరిపడా మాత్రలు తీసుకుంటాడు, అవి అయిపోతే మళ్ళీ వస్తాడు. లోపల పనిచేసే మనిషి అట్లా రాదు. వరండాలో ఎదురైన డాక్టరుగారితో "సార్, తల బరువుగా ఉంది, 160 చూపిస్తోంది" అంటుంది, ఆయన నడుస్తూనే "అమ్లోడిపిన్ 5 వేసుకో సిస్టర్" అంటారు, అక్కడితో అయిపోయింది. అది ఎక్కడా రాసి ఉండదు. డోసు సరిపోయిందా, మూత్రపిండాల పరీక్ష చేయించిందా అని తర్వాతి నెల అడిగే దిక్కుండదు. చుట్టూ అంతమంది డాక్టర్లు ఉండి కూడా తనకంటూ ఒక డాక్టరు లేనట్టే.

ఇక ఆ మాత్ర తీరు చూడండి. అమ్లోడిపిన్ ఒంట్లో నెమ్మదిగా పనిచేస్తుంది, పూర్తిగా పట్టడానికి వారం పైనే పడుతుంది, మానేసినా నెమ్మదిగానే దిగిపోతుంది. అందుకే ఒకటి రెండు రోజులు మరిచిపోయినా తేడా తెలియదు, "వేసుకోకపోయినా బాగానే ఉన్నానే" అనిపిస్తుంది. ఆ ధైర్యమే మనిషిని ముంచుతుంది. బీపీ 140కి 90 దాటి అక్కడే నిలిచిపోయినా చాలామందికి తలనొప్పి కూడా రాదు, లోపల మాత్రం గుండె, మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. అటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలైతే ఉన్నట్టుండి మానకూడదు, బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పెరిగిపోతాయి.

మీ అమ్మ మాత్ర మానిన రోజులు కూడా బద్ధకంతో మానినవి కావు. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోమన్నారు, సరే, రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున దిగి నేరుగా పడుకునే మనిషికి టిఫిన్ ఎప్పుడు? మామూలుగా నిద్రలో బీపీ కొంత తగ్గుతుంది, రాత్రి మేలుకునేవాళ్ళకు ఆ తగ్గుదల సరిగ్గా దొరకదు, అంటే మాత్ర ఎక్కువ అవసరమైన రోజునే అది తప్పిపోతోంది. అందుకని మాత్రను భోజనానికి కాకుండా ఏ డ్యూటీ అయినా తప్పని పనికి, పళ్ళు తోముకోవడానికి ముడిపెట్టమని చెప్పాను. టైము కుదురుతుందో లేదో డాక్టరును ఒకసారి అడిగితే చాలు. తప్పిపోయిన మాత్రను మర్నాటి దానితో కలిపి రెండు వేసుకోకూడదని మాత్రం గుర్తుచేయండి.

ఇంకోటి, ఇది ఎవరూ పైకి చెప్పరు. కొన్ని బీపీ మాత్రలు మూత్రం ఎక్కువ పోయిస్తాయి. వార్డు వదిలి బాత్రూముకు వెళ్ళడానికి వీల్లేని సిస్టరు ఆ మాత్ర మానేయక ఏం చేస్తుంది? మరికొందరికి అమ్లోడిపిన్‌తో పాదాలు వాస్తాయి, డ్యూటీ దిగేసరికి చెప్పు పట్టదు. రెండింటికీ దారి ఉంది, డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు, టెల్మిసార్టాన్ లాంటి ఇంకో బీపీ మందు జత చేయొచ్చు. కానీ ఎవరో ఒకరు విని మార్చాలంటే ముందు ఆ చీటీ ఉండాలి కదా. పైగా నడుం నొప్పికి చేతికందిన డైక్లోఫెనాక్ వేసుకోవడం మన ఆసుపత్రి వాళ్ళకు బాగా అలవాటు, అది బీపీని పెంచుతుంది, మూత్రపిండాలకూ మంచిది కాదు. అమ్మ బ్యాగులో ఆ షీటు కనబడితే అడగండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్ళల్లో ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయలతోనే అందులో చాలా భాగం అయిపోతుంది. ఉగ్గాని తినొద్దని నేననను, పక్కన ఊరగాయ వద్దు.

మీరు చేయాల్సిందల్లా అమ్మను ఓపీకి పంపడం. సెలవు రోజు కాదు, ఓపీ నడిచే రోజే, యూనిఫాం లేకుండా, అందరిలాగా చీటీ రాయించుకుని. ప్రభుత్వాసుపత్రిలో బీపీ మాత్రలు ఉచితమే. బీపీ చూపించుకునే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, అరగంట ముందు నుంచి కాఫీ తాగకూడదు, చూసేటప్పుడు మాట్లాడకూడదు. ఇవి అమ్మకు తెలిసినవే, తన విషయంలో పాటించదు, అందుకే మీకు రాస్తున్నాను. ఇంట్లో చూసిన అంకెలు తేదీతో ఒక నోటుబుక్కులో రాసి ఇవ్వండి, డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

ఒకవేళ ఎప్పుడైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, అమ్మ "ఏం కాలేదు, పడుకుంటే పోతుంది" అన్నా వినకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

అమ్మకు వచ్చే వారం డ్యూటీలు ఎట్లా పడ్డాయో కనుక్కుని, ఓపీకి ఏ రోజు వెళ్తుందో నాకు చెప్పండి. నేనూ తోడు వస్తాను.

మీ అవ్వ