కుర్రాళ్లతో క్లబ్‌ను నిలబెట్టడం: అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్ కార్యదర్శి ఫోన్ చేశారు. జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది, చేతిలో డబ్బు లేదు. "సీనియర్లందరినీ పంపేసి అండర్-18 జట్టునే మెయిన్ టీమ్‌గా దించుదాం అనుకుంటున్నాం సార్. కొత్త రక్తం వస్తే క్లబ్ దానంతటదే లేస్తుంది కదా" అన్నారు. యూత్ జట్లతో పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఈ మాట విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. అన్నవాళ్లంతా క్లబ్ బాగు కోరే అన్నారు. దెబ్బ తిన్నది మాత్రం ప్రతిసారీ పదిహేడేళ్ల పిల్లలే. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావి తర్వాత చెప్తాను.

అపోహ: సీనియర్లను తీసేసి కుర్రాళ్లను ఆడిస్తే క్లబ్ లేస్తుంది.

వాస్తవం: కుర్రాళ్లు క్లబ్‌ను లేపగలరు, పక్కన ఆడేవాళ్లలో కొందరు పెద్దవాళ్లు ఉంటేనే. ఇలా అన్నప్పుడల్లా నాకు నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ 1995 జట్టును ఉదాహరణగా చూపిస్తారు. నిజమే, ఆ ఏడాది మే 24న వియన్నాలో ఏసీ మిలాన్‌ను 1-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచిన ఆ జట్టులో సగం మందికి పైగా పాతికేళ్లలోపు వాళ్లే. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి 85వ నిమిషంలో గోల్ కొట్టిన క్లూయివర్ట్‌కి 18 ఏళ్లు. కథ ఇక్కడితో ఆపేస్తారు. ఆ గోల్‌కి బంతి అందించింది 32 ఏళ్ల రైకార్డ్. అది అతని ఆఖరి ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్. వెనక డిఫెన్స్‌ను నడిపిన కెప్టెన్ డానీ బ్లైండ్ వయసు 33. ఆ ఇద్దరినీ తీసేసి చూడండి, ఆ జట్టు ఏమయ్యేదో.

రెండో ఉదాహరణ మాంచెస్టర్ యునైటెడ్. 1995 ఆగస్టులో సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఆస్టన్ విల్లా చేతిలో 3-1తో ఓడిపోతే, పిల్లలతో ఏం గెలుస్తారని టీవీలో విశ్లేషకుడే అన్నాడు. సీజన్ ముగిసేసరికి లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ వాళ్లవే. పిల్లలు గెలిచారన్న మాట నిజమే. కానీ ఆ సీజన్లో గోల్‌లో ష్మైకెల్ ఉన్నాడు. వెనక బ్రూస్, పాలిస్టర్, ఇర్విన్ ఉన్నారు. మధ్యలో కీన్. సస్పెన్షన్ ముగించుకుని అక్టోబరులో కాంతోనా తిరిగొచ్చాడు. బెకమ్, స్కోల్స్, బట్, నెవిల్ సోదరులు తప్పు చేసినా సర్దడానికి ఇంతమంది ఉన్నారు.

ఈ అపోహ ఖరీదు నేను కళ్లారా చూశాను. అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న రోజుల్లో మా క్లబ్ కూడా ఇదే నిర్ణయం తీసుకుంది. జీతాలు మిగులుతాయని 28 దాటిన వాళ్లందరినీ ఒకేసారి వదిలేశారు. ఆ మీటింగ్‌లో సరేనన్న వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడిపోయాం. నాలుగోది 6-0.

మా గోల్‌కీపర్‌కి అప్పటికి పదిహేడు నిండలేదు. ప్రాక్టీసులో ఆ కుర్రాడి గొంతు మైదానం అవతలి గోల్ దాకా వినపడేది. ఆ నాలుగో మ్యాచ్‌లో రెండో గోల్ పడ్డాక నోరు మూతపడింది. కార్నర్ వస్తే "కీపర్!" అని అరిచి ముందుకు రావాల్సినవాడు గీత మీదే నిలబడిపోయాడు. తను పిలవకపోతే డిఫెండర్లకి బంతి ఎవరిదో తెలియదు. మూడు గోల్స్ అచ్చంగా అలాగే పడ్డాయి. మ్యాచ్ అయ్యాక అందరూ స్నానాలు చేసి వెళ్లిపోయారు, తను మాత్రం గ్లవ్స్ తీయలేదు. బెంచీ మీద కూర్చుని మణికట్టు దగ్గరి పట్టీ విప్పడం, మళ్లీ అంటించడం, మళ్లీ విప్పడం. ఆ చర్రుమనే చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. పక్కన కూర్చున్నాను కానీ ఏం చెప్పాలో నాకూ తోచలేదు. తనకు ఆ సమయంలో కావాల్సింది కోచ్ కాదు, ఇలాంటి ఆరు గోల్స్ తిని మరుసటి వారం మళ్లీ ఆడిన మనిషి. అలాంటివాళ్లందరినీ మేమే పంపేశాం.

సీజన్ సగంలో ఒక స్టాపర్‌ను, అంటే గోల్ ముందు కాపు కాసే డిఫెండర్‌ను, బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాం. వయసు 34, ఒక మోకాలు సరిగా లేదు, తొంభై నిమిషాలు ఆడలేడు. మొదటి కార్నర్‌కి నేరుగా గోల్ దగ్గరికి వెళ్లి, కీపర్ భుజాలు పట్టుకుని పక్కకు తిప్పి నిలబెట్టాడు. "తమ్ముడూ, బంతి ఎక్కడికొచ్చినా నువ్వు గట్టిగా అరువు. తప్పయితే నా మీద వేస్కో" అన్నాడట. ఆ మ్యాచ్ కూడా 1-0తో పోయింది. కానీ డెబ్భయ్యో నిమిషంలో ఒక క్రాస్‌కి ఆ కుర్రాడు అరుస్తూ బయటికొచ్చి, ఇద్దరి తలల మీంచి బంతి అందుకున్నాడు. మా బెంచీ గోల్ కొట్టినట్టు లేచింది.

ఆ సీజన్లో మేం ఒకేసారి దించిన ఎనిమిది మంది కుర్రాళ్లలో ముగ్గురు ఆ తర్వాత ఆట మానేశారు. వాళ్లలో ప్రతిభ తక్కువైనవాడు ఒక్కడూ లేడు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అప్పటినుంచి నేను పాటించే లెక్క ఒకటుంది. గోల్‌కీపర్, సెంటర్ బ్యాక్, సెంటర్ మిడ్‌ఫీల్డ్, స్ట్రైకర్, ఈ నాలుగూ జట్టుకి వెన్నెముక. ఇందులో కనీసం రెండు చోట్ల అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి. కొత్త కుర్రాణ్ని ముందు వింగ్‌లో ఆడించండి. అక్కడ బంతి పోగొట్టుకుంటే చాలాసార్లు త్రో-ఇన్‌తో పోతుంది, సెంటర్ బ్యాక్ పోగొట్టుకుంటే నేరుగా గోలే. ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి ఇరవై నిమిషాలు, తర్వాత ఒక అర్ధభాగం, తర్వాతే పూర్తి మ్యాచ్. ఒకేసారి ముగ్గురికి మించి కొత్తవాళ్లను మొదటి పదకొండులో పెట్టొద్దు. మరీ నెమ్మది అనిపిస్తుంది. అయినా పిల్లలు నిలబడతారు.

అపోహ: గట్టి నాయకత్వం అంటే ఓడినప్పుడు వెంటనే నిర్ణయం తీసుకోవడం.

వాస్తవం: యూత్‌తో కట్టే క్లబ్‌లో చాలాసార్లు గట్టి నిర్ణయమంటే, ముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చకుండా ఉండటం. ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్‌కి మేనేజర్‌గా వచ్చింది 1986 నవంబరులో. మొదటి కప్పు 1990లో, మొదటి లీగ్ 1993లో. 2005లో దివాలా అంచుకి వెళ్లిన జర్మన్ క్లబ్ బొరుసియా డార్ట్‌మండ్ 2008లో క్లోప్‌ను కోచ్‌గా తీసుకుంది. మొదటి సీజన్లో ఆరో స్థానం, రెండోదాంట్లో ఐదు, ఆ తర్వాత 2011, 2012ల్లో వరసగా లీగ్ గెలిచింది. హుమెల్స్, గోట్సె లాంటి కుర్రాళ్లతోనే గెలిచింది, గోల్‌లో మాత్రం ముప్ఫై నిండిన వైడెన్‌ఫెల్లర్. ఆరో స్థానం చూసి కోచ్‌ను మార్చి ఉంటే ఈ కథ మనం చెప్పుకునేవాళ్లం కాదు.

ఎంత ఓపిక పట్టాలని కమిటీలు అడుగుతాయి. సీజన్ మొదలయ్యే ముందే కాగితం మీద రాసుకోండి: ఈ ఏడాది ఎంతమంది కుర్రాళ్లకి ఎన్ని నిమిషాల ఆట, ఏ స్థానం కంటే కింద పడితే మళ్లీ కూర్చుని మాట్లాడాలి. మూడో ఓటమి రోజు రాత్రి ఎవరి ఫోన్ మోగినా ఆ కాగితం చదివి వినిపించాలి. దాన్ని చదివే ధైర్యం అధ్యక్షుడికి లేకపోతే, కింద కోచ్ ఎంత గొప్పవాడైనా పిల్లలకి రక్షణ ఉండదు. ఓటమికి భయపడ్డ కోచ్ ముందు తీసేసేది కుర్రాణ్నే.

కెప్టెన్ విషయంలోనూ ఇదే పొరపాటు చేస్తారు. అందరికంటే గట్టిగా అరిచేవాడికి బ్యాండ్ కట్టేస్తారు. తప్పు పాస్ ఇచ్చిన కుర్రాడికి మరుసటి నిమిషంలోనే మళ్లీ బంతి ఇచ్చేవాడు ఎవరో గమనించండి. బ్యాండ్ వాడికి కట్టండి.

ఇక తల్లిదండ్రులు. ట్రయల్స్ రోజున గేటు దగ్గర నిలబడితే ఎంత టెన్షన్ పడుతుంటారో తెలుస్తుంది. వాళ్ల భయాల్లో సగం ఎవరో చెప్పిన పుకార్ల వల్లే.

"మా వాడు పొట్టి సార్, పదమూడేళ్లకే తీసేశారు, ఇక అయిపోయినట్టేనా?" అయిపోలేదమ్మా. మగపిల్లలు వేగంగా ఎదిగే కాలం సగటున పద్నాలుగేళ్ల దగ్గర వస్తుంది. ఒకడికి పన్నెండుకే వస్తే ఇంకొకడికి పదహారుకి వస్తుంది. అండర్-13లో మీసాలొచ్చినవాడి పక్కన మీ అబ్బాయి చిన్నగా కనిపించడం ఆటకి సంబంధించిన సంగతే కాదు. పుట్టిన నెల కూడా లెక్కలోకి వస్తుంది. వయసు లెక్కకి జనవరి 1 కటాఫ్ అయితే జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్లు అకాడమీల్లో ఎక్కువ, నవంబరు, డిసెంబరు పిల్లలు తక్కువ. దాదాపు ఏడాది పెద్దవాణ్ని ప్రతిభావంతుడని పొరబడుతున్నాం మనం, నాతో సహా. ఇంగ్లండ్ స్ట్రైకర్ జేమీ వార్డీని షెఫీల్డ్ వెడ్నెస్‌డే క్లబ్ పదహారేళ్లకు పొట్టివాడని వదిలేసింది. 2016లో లెస్టర్‌తో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. ఫ్రెంచ్ స్టార్ గ్రీజ్‌మన్‌ను కుర్రాడిగా ఉన్నప్పుడు సొంత దేశంలో క్లబ్బులు వద్దంటే స్పెయిన్ వెళ్లి ఆడాడు. తీసేసిన పిల్లవాడికి మీరిచ్చే జవాబు ఇంకో చోట ఆట, ఆపకుండా.

ఎక్కువ ప్రాక్టీసు చేస్తే త్వరగా ఎదుగుతాడనేది ఇంకోటి. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక మీద నొప్పి అంటుంటే, అది బద్ధకం అనకండి. పరుగులు, జంప్‌లు తగ్గించి డాక్టర్‌కి చూపించండి. రెండు జట్లకి ఒకేసారి ఆడించొద్దు.

కుర్రాణ్ని పెద్ద క్లబ్ తీసుకెళ్తే చిన్న క్లబ్‌కి ఏమీ రాదంటారు. పూర్తిగా తప్పు. ఆటగాడు కాంట్రాక్టు ముగియకముందే వేరే దేశం క్లబ్‌కి మారితే, ట్రాన్స్‌ఫర్ ఫీజులో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తయారు చేసిన క్లబ్బులకి పంచాలని ఫిఫా నిబంధన. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఏడాదికి 0.25 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.5 శాతం చొప్పున. ఇది కాక మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద శిక్షణ పరిహారం వేరే ఉంటుంది. ఇవి రావాలంటే పిల్లవాడు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మీ దగ్గర రిజిస్టర్ అయ్యాడో ఫెడరేషన్ రికార్డులో ఉండాలి. ఎక్కువ క్లబ్బులు నష్టపోయేది సరిగ్గా అక్కడే. రిజిస్ట్రేషన్ కాగితాలు ఎవరి దగ్గరున్నాయో ఈ వారమే చూసుకోండి.

ఆ కార్యదర్శి గారితో చివరికి ఒకటే చెప్పాను, పంపేద్దామనుకున్న సీనియర్ల జాబితా పైకి చదవమన్నాను. ఐదో పేరు దగ్గర ఆగిపోయారు. "ఈయన ప్రాక్టీసు అయ్యాక కూడా కుర్రాళ్లతో ఇంకో అరగంట ఉంటాడు సార్" అన్నారు. ఆ పేరు కొట్టేయొద్దని చెప్పి, మిగతావి కూడా ఒక్కొక్కటిగా చదవమన్నాను.